తీగ అవతలి కొస

కంప్యూటర్లను కలిపే ల్యాన్ కేబుల్ వేసే పనికి ఇద్దరు కావాలి. ఒకరు ఈ కొసన, ఒకరు ఆ కొసన. వేసిన కేబుల్ బాగుందో లేదో చూసే టెస్టర్ కూడా రెండు ముక్కలుగానే ఉంటుంది. పెద్ద ముక్కను ఇక్కడ తగిలించి, చిన్న ముక్కను అవతలి గదిలో తగిలిస్తే, రెండింటి మీదా లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ పోవాలి. మధ్యలో ఏ లైటైనా వెలగకుండా దాటిపోయిందంటే లోపల ఒక పోగు తెగిందనో, కొసన ఉన్న కనెక్టర్ సరిగ్గా బిగియలేదనో లెక్క.

మా ఆయన ఉన్న రోజుల్లో నేను ఈ కొసన కూర్చునేదాన్ని. ఆయన ఆ కొసన నిచ్చెన మీద ఉండేవాడు.

"వెలిగినాయా?" అని అరిచేదాన్ని.

"వెలిగినాయి. మూడోది ఎగిరిపోయింది," అని గోడల అవతల నుంచి జవాబు వచ్చేది.

ఆసుపత్రులు, బట్టల కొట్లు, రైస్ మిల్లులు, ట్యూషన్ సెంటర్లు. నెల్లూరులో మేమిద్దరం తీగలు లాగని వీధి తక్కువ. ఆయన గోడలకు రంధ్రాలు వేసి తీగలు లాగేవాడు. నేను రౌటర్లు పెట్టి, వాటికి చెప్పాల్సినవన్నీ చెప్పేదాన్ని. ఏ కంప్యూటర్ దేన్ని చూడొచ్చు, బయటివాళ్ళకు ఎంతవరకు తలుపు తెరవాలి, ఒక లైను పోతే రెండో లైనుకు ఎట్లా మారాలి, ఇవన్నీ. ఇప్పుడు తలుచుకుంటే మా కాపురంలో సగం మాటలు గోడ అవతలికి అరిచినవే.

ఆయన గుండె ఆగి పోయాడు. ముందు రోజు దాకా నిచ్చెనెక్కినవాడే. దాని గురించి ఇంతకంటే రాయలేను.

తర్వాత ఆ పని ఒక్కదాన్నే చేయడం నేర్చుకున్నాను. చిన్న ముక్క అక్కడ తగిలించడం, నడిచి ఇక్కడికి రావడం, లైట్లు చూడడం, తేడా ఉంటే మళ్ళీ అక్కడికి నడవడం. పని అవుతుంది. కాకపోతే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎవరితోనూ ఒక్క మాట లేకుండా అవుతుంది. ఇంటికి వచ్చి తాళం తీసి, పాలు తెచ్చుకోవడానికి మళ్ళీ వీధిలోకి వెళ్ళి, కొట్టువాడితో "ఒక ప్యాకెట్" అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినపడేది.

అట్లాంటి రోజుల్లో రొయ్య పిల్లల్ని పొదిగించి అమ్మే హేచరీ ఒకదాంట్లో పని వచ్చింది. విడవలూరు దాటి, బకింగ్‌హామ్ కాలువ మీద వంతెన దాటి, సరుగుడు తోటల మధ్య నుంచి పోతే సముద్రానికి ఎదురుగా ఉంటుంది. యజమాని చెన్నైలో ఉంటాడు. ఫోన్లోనే అంతా మాట్లాడాడు. మర్యాదస్తుడు.

"మేడమ్, ట్యాంకుల దగ్గర కెమెరాలు, నీటి వేడి, ఉప్పు చూసే మీటర్లు పెట్టించాను. అవన్నీ నాకు ఇక్కడి నుంచే కనపడాలి. మామూలు వైఫై పెట్టె ఒకటి ఉంది, అది రోజుకొకసారి చచ్చిపోతోంది. మంచి రౌటర్ పెట్టండి. లైను పోయినా సిమ్ కార్డుతో నడిచేది."

రౌటర్, దానికి తోడు తీగలన్నీ కలిపే స్విచ్, అవి పెట్టుకునే చిన్న ఇనుప బీరువా, కేబుల్ చుట్ట అన్నీ ఒక ఆటోలో ముందు పంపించి, వెనకాల స్కూటీ మీద వెళ్ళాను. దార్లో వరి కోతలు అయిపోయి ఉన్నాయి. వంతెన దాటగానే గాలి మారింది. నాలుక మీద ఉప్పు తగిలింది.

గేటు దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి. లుంగీ పైకి కట్టి, ఖాకీ చొక్కా వేసుకున్నాడు. కుడిచేతి రెండు వేళ్ళు వంగవు. తర్వాత చెప్పాడు, వేటకు పోయే రోజుల్లో వల తాడు బిగుసుకుని అట్లా అయ్యాయని.

"నెల్లూరు నుంచి మేడమ్ వస్తారని సారు చెప్పినాడు. మీరేనా?"

"నేనే."

"ఒక్కరేనా? ఇంకెవురూ రాలేదా?"

"ఒక్కదాన్నే."

ఆయన నా వెనక రోడ్డు వైపు ఒకసారి చూసి, గేటు తీశాడు. గేటు లోపల గులాబీ రంగు నీళ్ళ తొట్టి ఉంది. "దీంట్లో కాళ్ళు ముంచి రావాలమ్మా. బయట రోగాలు పిల్లకి అంటకూడదు. పిల్లంటే రొయ్య పిల్ల," అని నవ్వాడు. నేను చెప్పులతో సహా ముంచి లోపలికి వెళ్ళాను.

అక్కడ పని చేసేవాళ్ళు ఇంకా కొంతమంది ఉన్నారు. దూరపు రాష్ట్రాల నుంచి వచ్చిన కుర్రవాళ్ళు. ట్యాంకుల షెడ్డులోనే ఉంటారు, వాళ్ళ భాషలో వాళ్ళు మాట్లాడుకుంటారు. మేనేజరు పగలొచ్చి చీకటి పడక ముందే విడవలూరు వెళ్ళిపోతాడు. పెద్దాయన మాత్రం ఏళ్ళ తరబడి అక్కడే, ఆఫీసు గది పక్కన చిన్న గదిలో ఉంటున్నాడు. భార్య పెళ్ళైన కొత్తలోనే పోయింది. పిల్లలు లేరు. చెయ్యి దెబ్బతిన్నాక అన్నదమ్ములు పడవ అమ్మేశారు. ఒక చెల్లెల్ని నాయుడుపేట పక్క ఊరికి ఇచ్చారు. హేచరీలో పని చేసేవాళ్ళు ఊరికే బయట తిరిగి రాకూడదు కాబట్టి, ఆయనకు బయటికి పోవలసిన పని కూడా క్రమంగా లేకుండా పోయింది.

ఆఫీసు గదిలో గోడకు బీరువా బిగించి, రౌటర్ పెట్టి, ట్యాంకుల షెడ్డు దాకా, పంపు గది దాకా కేబుళ్ళు లాగడం మొదలుపెట్టాను. సముద్రం గాలికి ఏ లోహమూ నిలవదు. పాత కనెక్టర్లన్నీ ఆకుపచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. కొత్తవి బిగించి, టెస్టర్ చిన్న ముక్క పట్టుకుని పంపు గదికి నడవబోతుంటే పెద్దాయన అడ్డం వచ్చాడు.

"యాడికమ్మా మాటిమాటికీ నడస్తా ఉండారు? నాకియ్యండి, నేను పెడతా."

ఎక్కడ తగిలించాలో చూపించాను. ఆయన పంపు గదికి వెళ్ళాడు. నేను ఆఫీసు గదిలో పెద్ద ముక్క తగిలించి మీట నొక్కాను. బయట ట్యాంకుల్లోకి గాలి కొట్టే బ్లోయర్ల రొద, దాని వెనక అలల చప్పుడు. ఆ చప్పుళ్ళ మీదుగా గొంతు వచ్చింది.

"వెలగతా ఉండాయమ్మా! ఒకటి పోయి ఒకటి వెలగతా ఉంది!"

చేతిలో టెస్టర్ అట్లాగే పట్టుకుని కూర్చుండిపోయాను.

"అమ్మా! వినపడిందా?"

"వినపడిందన్నా," అని అరిచాను. చాలా రోజుల తర్వాత అంత గట్టిగా అరిచాను.

పని రెండు మూడు రోజులు పట్టింది. మధ్యాహ్నం ఆయన వండిన అన్నమే తిన్నాను. చేపల పులుసు పొద్దునే కాచి పెట్టేవాడు. తినేటప్పుడు పెద్దగా మాట్లాడేవాడు కాదు. సాయంత్రం వెలుతురు తగ్గేవేళకు మాత్రం చొక్కా గుండీలు సరిచేసుకుని, ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళేవాడు. యజమానికి ఫోన్ చేసే వేళ అది.

"సార్, నమస్కారం. ఒకటో ట్యాంకు వేడి సరిగ్గా ఉంది సార్. మూడో ట్యాంకులో పిల్ల కొంచెం నీరసంగా ఈదతా ఉంది. గాలి పెంచినాం. ఆఁ, నీళ్ళు మార్చినాం సార్. నేనా? తిన్నా సార్. మీరు తిన్నారా?"

అంతే. నాలుగు ముక్కలు. కానీ దానికోసం ఆయన మధ్యాహ్నం నుంచే తయారవుతుండేవాడని నాకు అర్థమైంది. ట్యాంకుల చుట్టూ తిరుగుతూ ఏం చెప్పాలో పెదవుల మీదే అనుకునేవాడు.

చివరి రోజు అన్నీ కలిపి చూశాను. ఆఫీసు కంప్యూటర్లు ఒక దారిలో, కెమెరాలు, మీటర్లు ఇంకో దారిలో విడివిడిగా పెట్టాను. మొదటి లైను పీకి చూస్తే కొద్దిసేపటికే సిమ్ కార్డు మీదికి మారింది. రౌటర్ ముందు వరసలో పచ్చ లైట్లు నిలబడ్డాయి. చెన్నైకి ఫోన్ చేసి చూడమన్నాను. యజమాని తన ఫోన్లో ట్యాంకులు ఒక్కొక్కటీ చూసుకుని చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాడు.

"బ్రహ్మాండం మేడమ్! నీటి బుడగలు కూడా కనపడుతున్నాయి. ఒకసారి మా పెద్దాయనకు ఇవ్వండి."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇచ్చాను.

"అన్నా, ఇక నాకు అన్నీ ఇక్కడే కనపడుతున్నాయి. ఇన్నాళ్ళూ రోజూ శ్రమ పడ్డావు. ఇక ఫోన్ చేయనక్కర్లేదు. సాయంత్రం హాయిగా రెస్టు తీసుకో."

నిజంగా ప్రేమగానే అన్నాడు. పెద్దాయన ఫోన్ వైపు చూస్తూ "సరే సార్" అన్నాడు. ఫోన్ నా చేతికి ఇచ్చేసి కాసేపు గోడకు బిగించిన బీరువాను చూస్తూ నిలబడ్డాడు.

"అయితే సాయంత్రం పూట నేనేం చెయ్యాలమ్మా?"

చేతికి ఏదో ఒకటి ఇవ్వాలని, రౌటర్ మీద ఏ లైటు దేనికో చూపించాను. ఇది కరెంటుది, ఇది లైనుది, ఇది సిమ్‌ది, ఇవి తీగలవి. పచ్చగా ఉంటే మంచిది, ఎర్రగా ఉంటే నాకు ఫోన్ చెయ్యమన్నాను. ఉరుములు మెరుపులు వస్తే మాత్రం కరెంటు ప్లగ్గు పీకెయ్యమన్నాను. ఆయన ఒక్కో లైటునూ వేలితో ముట్టుకుంటున్నట్టు చూపిస్తూ నాకు తిరిగి అప్పజెప్పాడు.

మరుసటి రోజు సాయంత్రం నెల్లూరు మూలాపేటలో మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఉండగా ఫోన్ మోగింది.

"అమ్మా, నేను. హేచరీ నుంచి. పచ్చ లైట్లన్నీ ఉండాయి. ఒకటి మాత్రం కొట్టుకుంటా ఉంది. పర్వాలేదా?"

"అది కొట్టుకోవాలన్నా. డేటా వస్తా పోతా ఉందని అర్థం."

"ఓహో. అయితే మంచిదే గదా."

"మంచిదే."

"సరేమ్మా, ఉంటా."

ఆ మరుసటి రోజు మళ్ళీ చేశాడు. ఆ లైటు నిన్నటి కంటే జోరుగా కొట్టుకుంటా ఉంది అన్నాడు. తర్వాతి రోజు సిమ్ లైటు గురించి. ఆ తర్వాత బీరువా మీద బల్లి కూర్చుంది, లోపలికి దూరుద్దేమో అని. నేను ప్రతి దానికీ జవాబు చెప్పాను.

నిజానికి నాకు ఆయన చెప్పనక్కర్లేదు. నేను పెట్టిన రౌటర్లన్నీ నా ఫోన్లో కనపడతాయి. ఒక్కో చోటుకు ఒక్కో చుక్క. బాగుంటే పచ్చ, చచ్చిపోతే ఎరుపు. హేచరీ చుక్క పచ్చగా ఉండడం నేను చూస్తూనే ఉండేదాన్ని. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే చెన్నై నుంచి వచ్చిన మాటే నా నోట్లో నుంచీ వస్తుంది.

కొన్ని వారాల తర్వాత ఆయనే అన్నాడు.

"అమ్మా, సారుకు ట్యాంకులు కనపడినట్టు మీకు ఈ లైట్లు కనపడతాయంట గదా. మేనేజరు చెప్పినాడు."

"కనపడతాయన్నా," అన్నాను.

అవతల అలల చప్పుడు వినపడింది.

"అయినా చెప్తాలే," అన్నాడు.

"చెప్పన్నా."

"అన్నీ పచ్చగానే ఉండాయి."

అప్పటి నుంచి మా మాటలు కొంచెం లైట్లు దాటి వెళ్ళాయి. దూరం కాదు. ఇవాళ గాలి ఏ పక్క నుంచి ఉందో చెప్పేవాడు. నేను ఏ కొట్లో పని చేశానో చెప్పేదాన్ని. మా ఆయన సంగతి ఎప్పుడో ఒకసారి పెద్దాయనే అడిగాడు. చెప్పాను. "అందుకేనా ఆ పొద్దు నేను అరస్తే పలక్కుండా ఉండిపోయినారు," అన్నాడు. కాసేపటికి, "తిని పడుకోండమ్మా," అని పెట్టేశాడు. ఆ రోజు నిజంగానే పొయ్యి వెలిగించి వండుకున్నాను. అంతకు ముందు చాలాసార్లు బ్రెడ్డుతో సరిపెట్టుకునేదాన్ని.

సాయంత్రాలు మెట్ల మీద కూర్చునే అలవాటు గట్టిపడింది. ఎదురింటి పిల్లలు ఆడుకుంటుంటే, కూరగాయల బండి వెళ్తుంటే, నేను ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఎదురుచూస్తున్నానని నాకు నేను చెప్పుకోలేదు. ఇరవై మంది కస్టమర్లలో ఒకరి ఫోన్, అంతే అనుకునేదాన్ని. కానీ ఆ వేళకు వేరే ఎవరి పనీ ఒప్పుకునేదాన్ని కాదు.

ఆ ఏడు వానాకాలం చివర్లో వాయుగుండం పట్టింది. అది బలపడుతుందని టీవీలో చెబుతూనే ఉన్నారు. హేచరీలో ఒక బ్యాచి పిల్ల అమ్ముడైపోయి, కుర్రవాళ్ళు వాళ్ళ ఊళ్ళకు వెళ్ళిపోయారు. మేనేజరు కూడా రావడం మానేశాడు. పెద్దాయన ఒక్కడే ఉన్నాడు.

ముందు రోజు సాయంత్రం ఫోన్లో, "బయటికి వచ్చెయ్యరాదా అన్నా? విడవలూరులో స్కూల్లో ఉండనిస్తారంట," అన్నాను.

"తల్లి రొయ్యలు ఉండాయమ్మా రెండు ట్యాంకుల్లో. గాలి ఆడకపోతే చస్తాయి. జనరేటర్ ఎవురు చూస్తారు? ఇట్టాంటివి నేను సముద్రంలో చూసినా. ఇప్పుడు గట్టు మీదే గదా ఉండేది."

మరుసటి రోజు మధ్యాహ్నం నెల్లూరులోనే చెట్లు వంగిపోతున్నాయి. కిటికీలు బిగించుకుని ఫోన్ చూస్తూ కూర్చున్నాను. ఒక్కో చుక్కా ఎర్రబడుతోంది. కరెంటు పోయిన చోటల్లా అంతే. హేచరీది మాత్రం చాలాసేపు పచ్చగా నిలిచింది. జనరేటర్ నడుస్తోందన్నమాట అనుకున్నాను. మెరుపులు మొదలైన కాసేపటికి అది కూడా ఎర్రబడింది.

ఫోన్ చేశాను. కలవలేదు. మళ్ళీ చేశాను. అందుబాటులో లేరంది. సాయంత్రం ఆయన చేసే వేళ వచ్చింది, వెళ్ళింది. అప్పుడు చెన్నై నుంచి యజమాని చేశాడు.

"మేడమ్, ట్యాంకులు ఏవీ కనపడటం లేదు."

"నాక్కూడా ఎరుపే చూపిస్తోంది సార్. ఆయనకు ఫోన్ కలిసిందా?"

"లేదు. అందుకే మీకు చేశాను. ట్యాంకులు పోతే పోయాయి మేడమ్. ఆ మనిషి ఒక్కడే ఉన్నాడక్కడ."

ఆ ఎర్ర చుక్క వంక చూస్తూ కూర్చున్నాను. అది నేను పెట్టిందే. దాన్ని నమ్మమని అందరికీ చెప్పిందీ నేనే. పెట్టె బతికుందో లేదో అది చెబుతుంది. పెట్టె పక్కన ఉన్న మనిషి సంగతి దానికి తెలియదు. ఇంట్లో ఎవరైనా ఉంటే ఆ మాట అనేదాన్నేమో. ఎవరూ లేరు కాబట్టి నాలోనే తిప్పుకున్నాను.

పొద్దున వాన సన్నబడగానే స్కూటీ తీశాను. విడవలూరు దాకా ఎట్లాగో వెళ్ళాను. అక్కడి నుంచి దారి పొడుగునా విరిగిన కొమ్మలే. కాలువకు ముందు కల్వర్టు మీద నుంచి నీళ్ళు పారుతున్నాయి. జనం గట్టున నిలబడి చూస్తున్నారు. స్కూటీ ఒక ఇంటి ముందు పెట్టి, అటు వెళ్ళే ట్రాక్టర్ కోసం నిలబడ్డాను. రొయ్యల గుంటల వైపు డీజిల్ డబ్బాలు తీసుకెళ్తున్న ట్రాక్టర్ ఒకటి వచ్చింది.

"అటు పక్క యాడికమ్మా ఇప్పుడు? ఏముందని?" అన్నాడు డ్రైవరు.

"మా మనిషి ఒకరున్నారు," అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. అతను చెయ్యి అందించాడు.

సరుగుడు తోటలో సగం చెట్లు పడుకుని ఉన్నాయి. హేచరీ ప్రహరీ ఒక వైపు కూలింది. షెడ్డు మీద రేకులు ఎగిరిపోయి ఇసుకలో గుచ్చుకున్నాయి. గేటు దగ్గర గులాబీ రంగు తొట్టి బురదతో నిండిపోయింది. దిగి పరుగెత్తాను.

ఆయన వరండాలో మూడు ఇటుకల పొయ్యి మీద గంజి కాస్తున్నాడు. తడి పుల్లలు మండక ఊదుతూ, నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కళ్ళు పొగకు ఎర్రబడి ఉన్నాయి.

"ఏందమ్మా, ఈ నీళ్ళల్లో పడి వచ్చినారు?"

ఊపిరి అందడం లేదు నాకు. "ఎర్రబడిందన్నా. రౌటర్."

"ఆ, నేనే పీకేసినా. ఉరిమితే పీకెయ్యమని మీరే గదా చెప్పింది?"

గదిలోకి తీసుకెళ్ళి చూపించాడు. లోపల మోకాలి ఎత్తున నీళ్ళు వచ్చి పోయిన గుర్తు గోడ మీద ఉంది. మంచం మీద బల్ల, బల్ల మీద రౌటర్. బీరువాలో నుంచి తీసి, రొయ్యల మేత వచ్చే ప్లాస్టిక్ సంచిలో చుట్టి, తాడుతో కట్టాడు. దాని పక్కనే తానూ కూర్చుని రాత్రంతా గడిపాడట. మధ్యలో నీళ్ళలో దిగి జనరేటర్ దగ్గరికి పోయి వచ్చాడట. ఒక ట్యాంకు రొయ్యలు బతికాయి, ఒక ట్యాంకువి చచ్చాయి.

వరండాలో కూలబడి నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను, ఎప్పుడు ఏడుపైందో తెలియలేదు. ఆయన గంజి గ్లాసులో పోసి, ఉప్పేసి, నా పక్కన పెట్టి, తను కొంచెం ఎడంగా కూర్చుని సముద్రం వైపు చూశాడు. సముద్రం మట్టి రంగులో ఉంది.

"ఎవురన్నా వస్తారనుకోలేదమ్మా," అన్నాడు.

కొంచెం దూరం నడిచి సిగ్నలు దొరికిన చోట నుంచి చెన్నైకి ఫోన్ కలిపి ఇచ్చాను. "సార్, నమస్కారం," అని మొదలుపెట్టాడు. ఒకటో ట్యాంకు, రెండో ట్యాంకు. అన్నీ పద్ధతిగా చెప్పాడు. అవతల యజమాని ఏడుస్తున్నట్టుంది. ఈయన, "ఊరుకోండి సార్, ఊరుకోండి," అంటున్నాడు.

అంత దెబ్బ తిన్న హేచరీని మళ్ళీ నిలబెట్టడం యజమాని వల్ల కాలేదు. మిగిలిన రొయ్యలను ఇంకొకరికి ఇచ్చేసి, మూసేశాడు. సామాను తీసేయడానికి నన్నే పిలిచాడు. పెట్టిన చేతులతోనే మరలు విప్పాను. పెద్దాయన నిచ్చెన పట్టుకున్నాడు. గోడల మీద నుంచి కేబుళ్ళు లాగేస్తుంటే క్లిప్పులు ఊడి రాలాయి. నా ఫోన్లో ఆ చోటు చుక్క తీసేసేటప్పుడు, 'నిజంగా తొలగించాలా' అని అడిగింది. ఔననే నొక్కాలి. నొక్కాను.

ఆయన నాయుడుపేట పక్కన చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. మొదట్లో సాయంత్రాలు ఫోన్ చేసేవాడు. కానీ చెప్పడానికి లైట్లు లేవు, గాలి లేదు. "బాగుండారా?" "బాగున్నానన్నా. మీరు?" "బాగుండా." అవతల పిల్లల గోల, టీవీ శబ్దం, ఎవరో "మామా, రా తిందువు" అని పిలవడం వినపడేది. ఆయన "ఉంటామ్మా" అనేవాడు. రోజూ వచ్చే ఫోన్ వారానికొకసారి అయింది. తర్వాత పండక్కి, పబ్బానికి అయింది. ఎవరూ తప్పు చేయలేదు. అట్లా పల్చబడింది.

ఈ మధ్య నాయుడుపేటలో ఒక ఎరువుల గోడౌన్‌కు రౌటర్ పెట్టే పని పడింది. వస్తున్నానని చెప్పాను. పని అయ్యేసరికి బస్టాండుకు వచ్చి నిలబడ్డాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. గడ్డం నున్నగా గీసుకున్నాడు. పక్కన మేనల్లుడు.

"ఈయమ్మ మా నెల్లూరు మేడమ్," అని అతనికి చెప్పాడు. "గాలివాన అప్పుడు వచ్చిందని చెప్పలా? ఈయమ్మే."

టీ తాగాం. మేనల్లుడు ఫోన్ వస్తే పక్కకు వెళ్ళాడు. ఎదురుగా హైవే మీద లారీలు పోతున్నాయి.

"ఇక్కడ బాగుందా అన్నా?"

"బాగుందమ్మా. మొదట్లో నిద్ర పట్టలా, ఈ లారీల మోతకి. ఇప్పుడు అలవాటైంది. సాయంత్రమైతే పిల్లకాయలు వదలరు. కతలు చెప్పమంటారు. సముద్రం కతలు." చెబుతుంటే ఆయన ముఖం వెలిగింది. హేచరీలో ఆ ముఖం నేను ఎప్పుడూ చూడలేదు. "మీకెట్టా ఉందమ్మా? ఒక్కరే పోతుండారా పనులకి, ఇంకా?"

"పోతున్నానన్నా. అలవాటే."

ఆయన టీ గ్లాసు వంక చూశాడు. "తినండి వేళకి," అన్నాడు.

ఆయనకు మనుషులు దొరికినందుకు నాకు సంతోషం కలిగింది, అబద్ధం కాదు. నిజం చెప్పాలంటే ఆ సంతోషం పక్కనే చిన్న పోటు కూడా ఉంది. అందులో నాకు సిగ్గేమీ లేదు.

బస్సు వచ్చింది. నా పనిముట్ల సంచి ఆయనే ఎక్కించి, కిటికీ పక్క సీటు మీద పెట్టి దిగిపోయాడు. బస్సు కదిలేటప్పుడు చెయ్యి ఎత్తాడు. మేనల్లుడు ఏదో అంటే అటు తిరిగి నవ్వాడు. తర్వాత లారీ ఒకటి అడ్డం వచ్చి కనపడలేదు.

కండక్టరు వెనక నుంచి ఒక్కో సీటూ చూసుకుంటూ వచ్చాడు.

"ఎక్కడికమ్మా?"

"నెల్లూరు."

"ఎంతమంది?"

"ఒక్కదాన్నే," అన్నాను.